కారణం లేని కుచ్చిళ్ళు

గోవింద్‌పూర్ మలుపులో షేర్ ఆటో ఎక్కేటప్పుడు నీలకంఠం ఎడమ చేతిని వెనక్కి పెట్టి, కుచ్చిళ్ళను తొడల కిందికి నొక్కి, అప్పుడు కూర్చుంటాడు. పక్కనున్న ఆడవాళ్ళు చీర కట్టుకుని అదే పని చేస్తారు. వాళ్ళనెవరూ చూడరు. అరవై దాటిన మనిషి, నెరిసిన గుబురు మీసం, ఇస్త్రీ చొక్కా, కింద పావడాలాంటి ఎరుపూ ఆకుపచ్చా గళ్ళ కిల్టు. ఇతను ఆ పని చేస్తే ఆటోలో మాటలు ఆగిపోతాయి.

ఆగిన మాటలు మళ్ళీ మొదలయ్యేదాకా అతను బయటికి చూస్తాడు. మామూలుగా టెల్కో కాలనీ దాటేసరికి మొదలవుతాయి.

ఆటో కదిలే ముందు టీ బడ్డీ దగ్గర్నుంచి ఒక గొంతు వస్తుంది.

"కహా చలీ, మేడమ్‌జీ?"

ఎక్కడికమ్మా బయల్దేరావు, అని. అది ఆదిబాబు గొంతు. షెడ్లకు రేకులు వేసే పనిలో ఉన్నాడు, ముప్పై దాటాయి, పెళ్ళి కాలేదు. నీలకంఠం వీధిలోనే, రెండిళ్ళ అవతల తల్లితో ఉంటాడు. చెడ్డవాడు కాదు. పొద్దున్న టీతో పాటు నలుగురినీ నవ్వించకపోతే వాడికి రోజు మొదలు కాదు, అంతే. ఆ నలుగురూ నవ్వుతారు. డ్రైవర్ కూడా అద్దంలో మోకాళ్ళు చూసి నవ్వుతాడు. ఆటో కదులుతుంది.

రోజూ ఇదే. నీలకంఠానికి కోపం రావడం ఎప్పుడో మానేసింది. కోపానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి.

కిల్టు అతనికి ఉద్యోగంతో వచ్చింది. సొంత ఊరు వదిలి ఈ ఉక్కు పట్నానికి వచ్చి, కర్మాగారం కాపలా విభాగంలో చేరిన కొత్తలో అక్కడొక పైప్ బ్యాండు ఉండేది. చంకలో తోలుసంచి ఇరికించుకుని, ఊపిరి నింపి, మోచేత్తో నొక్కుతూ వాయించాలి. వాళ్ళది బరంపురానికి ఇవతల, ఇచ్ఛాపురం దారిలో ఒక ఊరు. ఆ వైపు జాతరల్లో తిత్తి ఊదేవాళ్ళు ఉంటారు. అందుకే అతని తల్లి ఎవరడిగినా "మావోడు కంపినీలో తిత్తి ఊదతాడు" అని చెప్పేది. వాయిద్యంతో పాటు మీరట్ నుంచి బట్టలొచ్చాయి. మోకాళ్ళ దాకా దిగే ఉన్ని గుడ్డ, ముందు చదునుగా, వెనక గట్టిగా కుట్టిన కుచ్చిళ్ళు, పక్కన తోలు పట్టీలు, అంచు ఎగరకుండా పెద్ద పిన్నీసు. నడుముకు ముందు వేలాడే చిన్న తోలుసంచి. కొత్తగా పెళ్ళయిన భద్రమ్మ ఆ గుడ్డను మంచం మీద పరిచి చాలాసేపు చూసింది.

"మాకు కుచ్చిళ్ళు ముందు. మీకు ఎనక. అంతేనా తేడా, బావా?"

"అంతే."

"మరి దీన్ని ఎవులు కడతారు, నువ్వా నేనా?"

ఆ రోజుల్లో పరేడుకు బ్యాండంతా కలిసి వెళ్ళేది. రోడ్డు పక్కన జనం లేచి నిలబడేవారు. ఒక్కరూ నవ్విన గుర్తు లేదు. గుంపులో ఉంటే అది యూనిఫారం. తర్వాత మనుషులు రిటైరయ్యారు, కొత్తవాళ్ళు రాలేదు, బ్యాండు ఎత్తేశారు. వాయిద్యాలు స్టోరుకు వెళ్ళాయి. బట్టలు ఎవరివి వాళ్ళకే మిగిలాయి. నీలకంఠం తనది ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి పెట్టాడు. రిటైరయ్యాక సాక్చిలో ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో పనికి కుదిరాడు. గుమ్మం దగ్గర కూర్చుని, వచ్చే బస్తాలు, పోయే బస్తాలు చూసుకోవాలి.

అలా ఉండగా ఒక ఆదివారం గంజి వారుస్తుంటే గిన్నె జారింది. భద్రమ్మ ఒంట్లో బాగాలేక పడుకుని ఉంటే అతనే వంట చేస్తున్నాడు. గంజి తొడల మీద, మోకాళ్ళ మీద పడింది. ప్యాంటు తగిలితే చర్మం దానితో పాటు లేచి వచ్చేది. లుంగీతో కొట్టుకు వెళితే యజమాని మోహిత్, కొడుకు వయసువాడు, లుంగీ పనికిరాదని మర్యాదగానే చెప్పాడు.

"అంకుల్, లుంగీ నహీ చలేగా. సరుకు కొనే పార్టీలు వస్తారు."

మర్నాడు ట్రంకుపెట్టె తెరిచాడు. మోహిత్ అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత కొట్టు ముందు ఆగి చూస్తున్న జనాన్ని చూశాడు.

"యే ఠీక్ హై, అంకుల్," అన్నాడు. ఇది ఫర్వాలేదని.

పుండు మానింది. కొత్త చర్మం గులాబీ రంగులో వచ్చి, మెల్లగా నల్లబడింది. నీలకంఠం ప్యాంటు తొడుక్కుని ఒక రోజు వెళ్ళాడు. సాక్చి ఎండలో సాయంత్రానికి కాళ్ళు ఉడికిపోయాయి. ప్యాంటు అంటే ఇదా, నలభై ఏళ్ళు దీన్ని ఎలా మోశాను అనిపించింది. మర్నాడు మళ్ళీ కిల్టు కట్టుకున్నాడు. నడుము దగ్గర బిగుతుగా, బరువుగా, కింద గాలి. నడుస్తుంటే వెనక కుచ్చిళ్ళు ఒక లయలో ఊగుతాయి. ఇంత వయసుకు ఒంటికి సుఖంగా ఉన్న బట్ట అదొక్కటే.

తిప్పలు అక్కడ మొదలయ్యాయి. పుండు ఉన్నన్నాళ్ళు అడిగినవాళ్ళకు పుండు చూపించాడు. "అయ్యో" అని వెళ్ళిపోయేవారు. పుండుతో పాటు కారణం కూడా మానిపోయింది. ఇప్పుడు ఎవరైనా ఎందుకు కట్టావు అంటే, హాయిగా ఉంది అని చెప్పాలి. అది చెప్పినప్పుడు నవ్వినంతగా జనం మరెప్పుడూ నవ్వలేదు.

కొన్నాళ్ళు నోటికొచ్చింది చెప్పాడు. ట్రాఫిక్ పోలీసు ఆపి అడిగితే యూనిఫారం అన్నాడు. ఒక ముసలి సర్దార్జీ సాక్చి గోలచక్కర్ కూడలి దగ్గర అటెన్షన్‌లో నిలబడి ఏ రెజిమెంటు అని అడిగితే ఏమీ చెప్పలేక సెల్యూట్ కొట్టాడు. షూటింగా అని అడిగినవాళ్ళకు ఔనన్నాడు. ఏ సినిమా అని మళ్ళీ అడిగారు. అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఇంకో అబద్ధం కావలసివచ్చేది. చివరికి ఏమీ చెప్పకుండా నడవడం నేర్చుకున్నాడు. ఎదుటివాడి తల మీద జానెడు ఎత్తున చూడమని బ్యాండ్‌మాస్టర్ చెప్పేవాడు. అలాగే చూస్తూ నడిచేవాడు. తొందరపడకూడదు. తొందరపడితే కుచ్చిళ్ళు ఎక్కువ ఊగుతాయి, నవ్వూ ఎక్కువవుతుంది.

ఎవడో వెనక నుంచి ఫోన్లో వీడియో తీసి, ఏదో పాట పెట్టి తిప్పాడు. అది తిరిగి తిరిగి కూతురు బిందుప్రియ కాలేజీకి చేరింది. ఆ పిల్ల తెలుగు వింటుంది, హిందీలో జవాబు చెబుతుంది.

"పాపా, ఆప్ కాలేజ్ కే సామ్నే సే మత్ జాయా కరో."

"కాలేజీ ముందు నుంచి కాకపోతే ఆటో ఎటు నుంచి ఎల్తాదే?"

"తో పాంట్ పహన్ లో. క్యా ప్రాబ్లమ్ హై?"

ప్యాంటు వేసుకుంటే సమస్యేమిటని అడిగింది. అతనికి సమస్యేమీ లేదు. ఆ మాట హిందీలో ఎలా చెప్పాలో తెలిసినా చెప్పలేదు.

భద్రమ్మ మాత్రం ఏమీ అనలేదు. రాత్రి కిల్టు మీద తడిగుడ్డ వేసి కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ ఇస్త్రీ చేసేది. నీళ్ళ కుళాయి దగ్గర, కూరల బజారులో, ఆడవాళ్ళు ఆవిడతో ఏమంటున్నారో ఆవిడ ఇంటికి తేలేదు. ఇంటికి తేకపోయినంత మాత్రాన ఆవిడ మోయలేదని కాదు. అది నీలకంఠానికి తర్వాత తెలిసింది.

చైత్రమాసంలో ఒక పొద్దున్న ఆదిబాబు తల్లి చిన్నమ్మి అతనికి ఎదురొచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ముక్కుకు రెండు వైపులా అడ్డబాసలు, చేతిలో పాల గిన్నె. ఎప్పుడూ చూసీ చూడనట్టు పోయేది. ఆ రోజు ఆగింది. కొంగుముడి విప్పి ఒక నాణెం తీసింది. అతని నడుముకు వేలాడుతున్న తోలుసంచి మూత ఎత్తి అందులో వేసింది. చేతులు జోడించి వెళ్ళిపోయింది.

నీలకంఠం ఆ సంచిలో ఆటో చిల్లర, ఫోను, వక్కపొడి పెట్టుకుంటాడు. నాణెం వాటి మధ్యకు జారింది. అతను అక్కడే నిలబడిపోయాడు.

టీ బడ్డీ దగ్గర ఆదిబాబు ఆ రోజు అరవలేదు. లేచి దగ్గరికొచ్చి చెవులు పట్టుకున్నాడు.

"మాఫ్ కర్నా, మావా. అమ్మోరి యవ్వారమని మాకేటి తెలుసు."

నీలకంఠానికి అప్పుడు అర్థమైంది. బరంపురంలో ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర, జరిగేటప్పుడు, కష్టం గట్టెక్కితే వేషం కడతామని మొక్కుకున్నవాళ్ళు వేషాలతో తిరుగుతారు. మగవాళ్ళు ఆడవేషం కట్టడమూ ఉంది. వాళ్ళను చూసి ఎవరూ నవ్వరు. ఇంటింటికీ వెళితే జోలెలో తోచింది వేసి దండం పెడతారు. గోవింద్‌పూర్‌లో సగం వీధి ఆ వైపు నుంచి వచ్చినదే. ఇన్ని కుచ్చిళ్ళు, ముందు ఒక సంచి, నోరు విప్పకుండా నడిచే మనిషి. ఎవరో ఒక్క మాట అంటే చాలు, మిగతాది వాళ్ళకే కనిపిస్తుంది.

ఆ మాట ఎవరన్నారో కనుక్కోవడానికి అతను దూరం వెళ్ళనక్కర్లేదు.

"నువ్వు సెప్పినావా?"

భద్రమ్మ చిక్కుళ్ళు ఈనె తీస్తోంది. తలెత్తలేదు.

"సెప్పినాను."

"అమ్మోరి మీద అబద్ధమా?"

"మరేటి సెప్పమంటావు? కుళాయి కాడ రోజూ అడుగుతారు. మీ ఆయనకి తిన్నగా ఉందా అని ఒకామె. రాత్రుళ్ళు చీర కూడా కడతాడా అని ఇంకొకామె. నవ్వుతా అడుగుతారు. నేను బిందె నింపుకుని రావాల కదా." ఈనె తుంచి పక్కన పెట్టింది. "మొక్కు అన్నాను. నోళ్ళు మూతపడినాయి. నీకు బాగానే ఉంది కదా ఇప్పుడు. అరిసినోడు సెవులు పట్టుకున్నాడు."

"నేను అడిగినానా?"

"నువ్వేది అడుగుతావు. నువ్వు నడిసెల్లిపోతావు. నిలబడీది నేను."

మర్నాడు సంచిలోని నాణెం తీసుకెళ్ళి బస్తీలో అమ్మవారి గుడి హుండీలో వేశాడు.

వీధి మర్యాదగా మారింది. ఆటోలో జరిగి చోటిచ్చారు. కుర్రాళ్ళు ఫోన్లు దించారు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు సంచిలో నాణేలు వేశారు, అతను ప్రతిసారీ గుడి దాకా నడిచాడు. నవ్వే కళ్ళ మీదుగా జానెడు ఎత్తున చూడటం వచ్చు. దండం పెట్టే చేతుల మీదుగా ఎలా చూడాలో బ్యాండ్‌మాస్టర్ చెప్పలేదు. తల దించుకుని నడిచేవాడు. అది ఇంకా భక్తిగా కనిపించేది.

ఎండలు ముదిరాక, ఆదిబాబు రేకుల షెడ్డు మీద నుంచి పడ్డాడని కబురొచ్చింది. ప్రాణానికి ఫర్వాలేదన్నారు. వెన్ను దెబ్బతింది. నడుము కింద స్పర్శ ఉందీ లేదూ అన్నట్టుంది, నడుస్తాడో లేదో చెప్పలేం అన్నారు. మలుపులో టీ బడ్డీ దగ్గర బెంచీ ఖాళీగా ఉంది. నీలకంఠం ఆటోలో కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆటో కదిలింది.

చిన్నమ్మి ఒక సాయంత్రం ఇంటికొచ్చింది. గడప లోపల నేల మీదే కూర్చుంది. భద్రమ్మ కుర్చీ జరిపితే వద్దంది.

"బాబూ, నీలకంఠం. నువ్వు అమ్మోరి బట్టలో ఉన్నోడివి. నీ మాట ఆవిడ ఇంటాది. మావోడి కాళ్ళ కోసం ఒక్క మాట సెప్పు."

నీలకంఠం భార్య వైపు చూశాడు. భద్రమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పిండి అంటిన చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుంది. ఆమె కళ్ళు చెప్పొద్దని అడుగుతున్నాయి. చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. రేపు కుళాయి దగ్గర ఆమె మొగుడి గురించి నవ్వరు. అమ్మవారి పేరు మీద అబద్ధమాడిన మనిషి అంటారు. ఆ మాట జీవితాంతం ఉంటుంది. చెప్పకపోతే ఈ ముసలావిడ రేపటి నుంచి రోజూ తన మోకాళ్ళ వైపు చూసి ఆశపడుతుంది.

పైన ఫ్యాను గరగరమని తిరుగుతోంది.

"అప్పా," అన్నాడు, అక్కను పిలిచినట్టు. "ఇది మొక్కు కాదు. కాలు కాలినప్పుడు కట్టుకున్నాను. హాయిగా ఉంది. ఉంచేసినాను. మరేటి లేదు."

భద్రమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. చేతులు అలాగే ఉన్నాయి.

చిన్నమ్మి ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నాకు తెలుసు," అంది.

"ఏటి తెలుసు?"

"మొక్కున్నోడు బూట్లేసుకుంతాడేటి? మొదటి రోజే సూసినాను. నల్ల బూట్లు, పాలిషు. వేషం కట్టినోడు సెప్పుల్లేకుండా తిరుగుతాడు. నాకు తెలీదా, మా అన్న మూడుసార్లు కట్టినాడు."

"మరి డబ్బులెందుకు ఏసినావు?"

"నీకేసినానా? ఆవిడకేసినాను. నువ్వు గుళ్ళో ఇచ్చినావు కదా. అదీ సూసినాను."

ఆమె భద్రమ్మ వైపు తిరిగింది. "నువ్వు సెయ్యి కడుక్కో అమ్మా. ఎంతసేపు అలా పట్టుకుంతావు. మొగుణ్ణి ఎనకేసుకురాని ఆడది ఎక్కడుంది. నా నోట ఏటీ రాదు."

భద్రమ్మ లోపలికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినిపించింది, చాలాసేపు.

"మొక్కు కాదన్నావు, సరే," అంది చిన్నమ్మి. "అయితే ఇప్పుడు మొక్కుకో."

"అప్పా."

"ఎలాగూ కడతన్నావు కదా. మావోడు లేసి నడిసే దాకా ఇది ఇప్పనని అను. బూట్లు తీసీ. నాను ముసిల్దాన్ని, కట్టలేను. నాకు ఇంకెవులున్నారు కట్టడానికి. వీధిలో అందరూ మొక్కంతన్నారు. నిజంగానే మొక్కయితే పోలేదేటి?"

నీలకంఠం తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. కాలిన చోట చర్మం ఇంకా ఒక రంగు తక్కువగానే ఉంది. ఆ కొడుకు తనను రోజూ ఏమని పిలిచేవాడో ఈమెకు తెలుసో తెలియదో. తెలిసే ఉంటుంది, బూట్లు చూసిన మనిషికి. ఆ సంగతి అతను ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఎందుకు కట్టావని ఊరంతా ఇన్నాళ్ళు అడిగింది. ఇప్పుడు ఒక జవాబు ఇంటికొచ్చి నేల మీద కూర్చుంది. అది తీసుకుంటే ఇక పొద్దున్నే లేచి ఏం కట్టుకోవాలన్నది తన ఇష్టం కాదు. ఆదిబాబు నడవకపోతే, ఎప్పటికీ కాదు.

"బూట్లు కూడానా?" అన్నాడు.

"బూట్లు ముందు."

మర్నాడు వట్టికాళ్ళతో మలుపు దాకా నడిచాడు. సాక్చిలో తారు రోడ్డు మీద నీడలు వెతుక్కుంటూ అడుగు వేశాడు. మోహిత్ చూసి, "అంకుల్, చప్పల్?" అన్నాడు. మన్నత్, మొక్కు అని చెప్పాడు నీలకంఠం. మోహిత్ గబుక్కున లేచి తన కుర్చీ అతని వైపు తోశాడు. ఇన్నేళ్ళూ గుమ్మం దగ్గర స్టూలే ఉండేది.

వానలొచ్చాయి. తడిస్తే ఉన్ని గొర్రెపిల్లంత బరువెక్కేది, ఆ వాసనే వేసేది. సాయంత్రం తిరిగొచ్చి, తువ్వాలు చుట్టుకుని, భద్రమ్మ దాన్ని ఫ్యాను కింద ఆరబెడుతుంటే చూస్తూ కూర్చునేవాడు. ఉదయానికి పూర్తిగా ఆరేది కాదు. కొత్త చర్మం మీద ఒరుసుకునేది. ఒకప్పుడు ఇదే కదా తనకు హాయి అనుకునేవాడు. చలికాలంలో బిందుప్రియ ఒక రోజు దగ్గరికొచ్చి తెలుగులో మాట్లాడింది.

"నాన్నా, చల్లగా ఉంది. ఒక్క రోజు ప్యాంటు ఏసుకుంటే ఎవరు చూస్తారు?"

"అదే కదా నేను మొదట్నుంచీ అనుకున్నది, ఎవులు సూత్తారని," అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. అతనూ కొంచెం నవ్వాడు. ప్యాంటు వేసుకోలేదు.

అరికాళ్ళు పగిలాయి. భద్రమ్మ రాత్రుళ్ళు ఆముదం రాసేది. "నా నోరు," అనేది అప్పుడప్పుడు, అంతకన్నా ఏమీ అనేది కాదు. ఇద్దరికీ ఆ మాట చాలు.

ఆదిబాబును ఇంటికి తెచ్చారు. కిటికీ పక్క మంచం వేశారు. నీలకంఠం ఆ కిటికీ ముందు నుంచే వెళ్ళాలి. వాడు చూసేవాడు. పిలిచేవాడు కాదు. తల్లి చెప్పే ఉంటుంది. పడుకున్నవాడి చూపు ఈ మనిషి మోకాళ్ళ దగ్గర మొదలై పాదాల దగ్గర ఆగేది. నీలకంఠం తొందరపడకుండా, అలా అని ఆగకుండా, ఆ కిటికీ దాటేవాడు. రోజులో అదే కష్టమైన నడక. సాక్చి దాకా మిగతా దారి అంతా దాని ముందు సులువే.

ఎప్పుడో ఒకనాడు వేళ్ళు కదిలాయన్నారు. తర్వాత కూర్చున్నాడన్నారు. ఇంకా చాలా రోజుల తర్వాత, మోదుగులు పూసే కాలంలో, చిన్నమ్మి మనిషిని పంపింది. నీలకంఠం వెళ్ళేసరికి వాకిట్లో ఆదిబాబు ఇనప వాకర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాకర్ ముందుకు తోశాడు. ఒక కాలు ఈడ్చాడు. ఆగాడు. రెండో కాలు ఎత్తి వేశాడు.

వాడు గోడ దాకా వెళ్ళి గోడకు ఆనుకున్నాడు.

చిన్నమ్మి పసుపు నీళ్ళు తెచ్చి నీలకంఠం పాదాల మీద పోసింది. పగుళ్ళలో మంటెత్తింది. ఒక కొత్త పంచె చేతిలో పెట్టింది.

"ఇప్పీ, బాబూ. ఆవిడ ఇన్నాది."

ఇంటికొచ్చి కిల్టు విప్పాడు. భద్రమ్మ దాన్ని ఉతికి, ఆరేసి, కుచ్చిళ్ళు ఇస్త్రీ చేసి, ట్రంకుపెట్టె మూత మీద పెట్టింది. లోపల పెట్టలేదు. కొత్త పంచెతో ఆ రాత్రి నీలకంఠం ఎప్పుడూ లేనంత నిద్రపోయాడు.

పొద్దున్న మంచం మీద ప్యాంటు సిద్ధంగా ఉంది. అతను దాన్ని చూశాడు. తర్వాత ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్ళాడు. తోలు పట్టీలు బిగించాడు. పిన్నీసు పెట్టాడు. మేజోళ్ళు తొడిగి, మంచం కింద నుంచి నల్ల బూట్లు లాగి, దుమ్ము దులిపాడు. పగిలిన పాదాలకు అవి బిగుతయ్యాయి.

భద్రమ్మ టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడింది.

"మొక్కు తీరింది కదా, బావా?"

"తీరింది."

"మరి?"

"మరేటి లేదు."

ఆమె గ్లాసు కింద పెట్టింది. అతని వెనక్కి వచ్చి, మడతపడిన ఒక కుచ్చిలిని వేలితో లాగి సరిచేసింది.

"కుళాయి కాడ అడుగుతారు," అంది.

"ఏటి సెప్తావు?"

"హాయిగా ఉందంటాను. నవ్వితే నవ్వనీ."

వీధిలో వాకర్ పట్టుకుని ఆదిబాబు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బూట్ల చప్పుడు విని తలెత్తాడు. మొదట బూట్లు చూశాడు. తర్వాత మోకాళ్ళు. తర్వాత కిల్టు. మొక్కు తీరిన సంగతి వాడి కన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. ముఖం చాలాసేపు ఏమీ తేల్చుకోలేదు. తర్వాత పెదవి ఒక పక్కకు జరిగింది.

"కహా చలీ," అన్నాడు. గొంతు బొంగురుగా వచ్చింది. సవరించుకున్నాడు. "కహా చలీ, మేడమ్‌జీ?"

నీలకంఠం ఆగాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకు ఆగడం అదే మొదటిసారి.

"డ్యూటీకి," అన్నాడు.

ఆదిబాబు నవ్వాడు. నవ్వుతుంటే వాకర్ కదిలింది, ఒళ్ళు ఒక పక్కకు ఒరిగింది. నీలకంఠం చెయ్యి చాచేలోపు వాడే గేటు కమ్మీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"మెల్లగా నవ్వరా," అన్నాడు నీలకంఠం. "పడిపోతావు."